ఆమేన్ తర్వాత గొంతు

పోలీసుల ఫోరెన్సిక్ ల్యాబులో ఆశాజ్యోతి ఫోన్‌ని చెంగులో చుట్టి పట్టుకుని కూర్చుంది. ఎదురుగా సైంటిస్టు మంజుష కంప్యూటర్‌లో గొంతు తాలూకు గీతలు చూస్తోంది.

ఆశాజ్యోతి భర్త విజయ్ పాల్ రొయ్యల చెరువు దగ్గర నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ వైరు తగిలి, కరెంటు కొట్టి పోయాడు. "వైరు బాగుచేశానండి, స్విచ్చి వేస్తున్నా" అని ఆ పొద్దున పాల్ తనే వాయిస్ మెసేజ్ పెట్టాడని చెరువు యజమాని త్రిమూర్తులు పోలీసులకి వినిపించాడు. షెడ్డులో అందరూ వాడే ఫోన్ నుంచి వెళ్లిన మెసేజ్ అది. "ఆ గొంతు మా ఆయనది కాదండి" అని ఆమె ఏడ్చి చెప్పింది. ల్యాబు కూడా కాదంటేనే ఆ మాట నిలుస్తుంది. లేకపోతే తన చావుకి తనే కారణమైన మనిషిగా మిగిలిపోతాడు పాల్.

పోల్చడానికి ఆమె దగ్గరున్నది ఒక్కటే, చర్చిలో అతను చేసిన ప్రార్థన రికార్డింగు. మంజుష విని నిట్టూర్చింది.

"ఇది ప్రార్థన గొంతమ్మా. పైకెత్తి, రాగంలాగా సాగదీశారు. మామూలు మాటతో పోలిస్తే ఎటూ తేల్చలేం. ఇంట్లో మాట్లాడినవేమీ లేవా?"

"ఫోన్ చూపిస్తే చాలండి, నోరు కట్టేసుకునేవారు. 'నీతో మాట్లాడతాగానీ దాంతో ఏం మాట్లాడతానే' అనేవారు."

"సరే, చివరిదాకా ఇంకోసారి విందాం."

ఆశాజ్యోతి మళ్లీ మొదటినుంచి పెట్టింది. ప్రార్థన ముగిసింది. "ఆమేన్" అంది తనూ మెల్లగా. అలవాటుగా వేలు ఫోన్ మీదికి వెళ్లింది. రోజూ పొద్దున్నే విని, ఆమేన్ అని ఆపేయడమే. ఆ తర్వాత కుర్చీల చప్పుడు తప్ప ఏముంటుందిలే అనుకునేది.

"ఆపకండమ్మా!"

కుర్చీలు జరిగాయి. ఎవరో దగ్గారు. అంతలో మైకుకి దగ్గరగా, ఇంట్లో మాట్లాడినట్టే పాల్ గొంతు:

"ఒరే ఫిన్నీ, ఆ వైరు ముట్టుకోకురా! స్విచ్చి కట్టేదాకా ఆగు. కీబోర్డు వాయించే చేతులు, కాస్త ఉంచుకో!"

ఎవరో నవ్వారు. రికార్డింగు ఆగిపోయింది.

ఆశాజ్యోతి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మంజుష ముందుకి వంగింది. "వైరు, స్విచ్చి. రెండు మాటలూ దొరికాయి. ఇంక పోల్చొచ్చు. ఫోన్ ఇక్కడ ఉంచాలమ్మా."

ఇవ్వడానికి చెయ్యి రాలేదు. అయినా ఇచ్చింది.

కొన్నాళ్లకి నిడదవోలులో ఆమె పక్కింటివాళ్ల నంబరుకి ఎస్సై ఫోన్ చేశాడు. "మెసేజ్‌లో గొంతు మీ ఆయనది కాదని రిపోర్టు వచ్చిందమ్మా. త్రిమూర్తులు గారిని స్టేషన్‌కి పిలిపించాం."

"నా ఫోన్ ఎప్పుడిస్తారండి?" అని అడిగింది ఆశాజ్యోతి.