అక్క వాకిట్లో బల్బు

సబ్‌స్టేషన్‌లో ఆమెను అందరూ స్విచ్చమ్మ అనేవారు. ఊరంతా వెలగాలన్నా ఆరాలన్నా ఆమె చెయ్యి కదలాల్సిందే. ఇంట్లో మాత్రం ఆమె మాటకు ఫ్యాను కూడా తిరగదని భర్త ఎగతాళి చేసేవాడు.

ఏటికి ఇవతల ఒక దేశం, అవతల ఇంకో దేశం. అక్కను అవతలి ఒడ్డుకిచ్చి చేశారు. అప్పట్లో పడవ దిగితే అక్క ఇల్లే. తర్వాత రెండు దేశాలకూ పడక రేవు మూసేశారు. ఫోన్‌లో గొంతు వినడమే తప్ప ముఖం చూసి ఏళ్లయింది. అక్కది కుట్టుపని. ఆ ఒడ్డున పొద్దుగూకితే కరెంటుండదు. కిరోసిన్ దీపం ముందు సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ కళ్లు మసకబారాయి. ఇక్కడేమో డ్యాము నిండి కరెంటు మిగిలిపోయేది. అది తలచుకుంటే స్విచ్చమ్మకు ముద్ద దిగేది కాదు.

చివరికి రెండు దేశాలూ రాజీపడి ఏటి మీదుగా తీగలు లాగాయి. ఇల్లలకగానే పండగ కాదు కదా. రెండు వైపుల కరెంటూ ఒకే లయలో నడవాలి, లేకపోతే కలిపీ కలపగానే తెగిపోతుంది. ఆ రోజు డ్యూటీ స్విచ్చమ్మదే. ఆ లయ చూపే మీటరులో గాజు వెనక ముల్లు గిరగిరా తిరిగింది, మెల్లబడింది, నిద్రలోకి జారుతున్నట్టు నెమ్మదిగా పై గీత మీదికి వచ్చింది. ‘అక్కా, ఇదిగో’ అనుకుని మీట తిప్పింది. తెగలేదు.

డాబా ఎక్కేసరికి సంధ్య వాలుతోంది. అవతల ఒక్కో దీపం నీళ్లలోంచి తేలివస్తున్నట్టుంది. దిబ్బ మీద ఒంటిగా ఉన్న ఇల్లు అక్కది. అక్కడా వెలిగింది. మధ్యలో ఏరే లేనట్టనిపించింది ఆమెకు. అంతలోనే ఆ ఒక్క దీపం ఆరిపోయింది. వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, ఏమైంది? బల్బు మాడిపోయిందా?"

"దానికేం, నిక్షేపంలా ఉంది. సూదిలో దారం ఎక్కించుకుని నేనే ఆపేశా."

"ఎందుకూ?"

"నీ దగ్గర్నుంచే కదటే వస్తోంది! అంతా నేనే వాడేస్తే నీ ఇంట్లో చీకటైపోదూ?"

స్విచ్చమ్మ నవ్వబోతే ఏడుపొచ్చింది. చిన్నప్పుడూ అంతే. తన పళ్లెంలోది చెల్లెలి పళ్లెంలోకి తోసి, ఆకలి లేదనేది.

"చీకటవదక్కా, ఒట్టు. వెయ్యి."

దిబ్బ మీద మళ్లీ వెలిగింది.

"బల్బు కిందే నిలబడ్డానే. కనిపిస్తున్నానా?"

ఏటికి అవతల ఉన్నది బియ్యపుగింజంత వెలుగు.

"కనిపిస్తున్నావక్కా."

"ముసలిదాన్నయిపోయానా?"

"లేదు. పడవెక్కిన రోజు ఎలా ఉన్నావో అలాగే ఉన్నావు."