ఉత్త నూనె పోసిన సీసా

ఇన్నేళ్ళుగా మింగలేక, కక్కలేక మోస్తున్న మాట ఇది. నా పేరు అడగకండి. మీరు వింటే చాలు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఏలూరులో ఒక కాలేజీ ల్యాబ్‌లో తెల్ల ఎలుకలకు ఇంజెక్షన్లు ఇవ్వడం నా పని. సువార్త అక్క భీమడోలు నుంచి రోజూ ప్యాసింజర్‌లో వచ్చి అక్కడ పరిశోధన చేసేది. అండాశయాలు తీసేసిన ఆడ ఎలుక మగదాన్ని దగ్గరకు రానివ్వదు. హార్మోన్ ఎక్కిస్తే, అది మెదడులో తనను పట్టుకునే రిసెప్టర్లను చేరి మనసు మారుస్తుంది. ఆ రిసెప్టర్లను మందుతో మూసేస్తే మళ్ళీ తన్ని తరుముతుంది. అక్క ఏళ్ళ తరబడి కష్టపడి తేల్చింది ఇదే. అక్కకు గైడుగా ఉన్న సారు మాత్రం, తన కళ్ళ ముందు ఇంకొక్కసారి చేసి చూపిస్తేనే థీసిస్ మీద సంతకం పెడతానన్నారు.

అక్క స్వయంగా నూనెలో హార్మోన్ కలిపి నా చేతికిచ్చింది. సీసా జారింది. పగల్లేదు గానీ అంతా ఒలికిపోయింది. చెబితే ఉద్యోగం పోతుందని భయం. నిజంగా పోయేదా? అక్క నాలుగు తిట్టి ఊరుకునేది, అంతే. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. అయినా షెల్ఫులో ఉన్న ఉత్త నువ్వుల నూనె, మనం ఆవకాయలో పోసుకునే ఆ పప్పునూనే, సీసాలో పోశాను. అన్ని ఎలుకలకూ అదే ఎక్కించాను.

పరీక్ష రోజు, కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గదిలో ఎర్ర బల్బు కింద ముగ్గురం నిలబడ్డాం. మగ ఎలుక వాసన చూసుకుంటూ వెళ్ళింది. ఆడది తన్నింది. రిసెప్టర్లు మూసే మందు ఇచ్చినదీ తన్నింది, ఇవ్వనిదీ తన్నింది. ప్రతి పెట్టెలోనూ అంతే. ఎందుకో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

"హార్మోన్ సరిగ్గా ఎక్కించావా అమ్మా?" అక్క నెమ్మదిగా అడిగింది.

"మీరు చెప్పినట్టే ఎక్కించానక్కా."

సారు అక్క వైపు తిరిగారు. "అయితే ముందువన్నీ ఇంట్లో కూర్చుని రాసుకొచ్చావన్నమాట."

నోరు తెరవడానికి అప్పటికీ వ్యవధి ఉంది. ఎందుకు తెరవలేదు? భయమేనా, లేక అందరూ ఆమెనే మెచ్చుకుంటుంటే నాలో ఏ మూలో రాజుకున్న ఏడుపా? తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

అక్క పరిశోధన మానేసింది. కొన్నేళ్ళకు ఏలూరు బస్టాండులో కనబడింది. కలిదిండి దగ్గర హేచరీలో, గుడ్లు పెట్టడానికి చేపలకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తోందట. మందు కలిపే ప్రతిసారీ కొలత మళ్ళీ మళ్ళీ చూసుకుంటానని, ఆ రోజు తన చెయ్యే ఎక్కడో తప్పిందని నవ్వుతూ చెప్పింది. నేను తల ఊపాను. అవును, ఊపాను. మొదటి తప్పు కన్నా అదే ఎక్కువ బాధిస్తుంది.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో పిల్లలకు హార్మోన్ల పాఠం చెప్పేది నేనే. క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు. మీకు చెప్పుకున్నాక ఆమెతో అనాల్సిన మాట ఇప్పటికి పైకి వస్తోంది.

అక్కా, మీ చెయ్యి తప్పలేదు. ఆ సీసాలో ఉత్త నూనె పోసింది నేను.