బండి వెనక పాసంగం

కాస్త దగ్గరికి జరిగి కూచోండమ్మా, గొంతెత్తి చెప్పుకునే మాట కాదిది.

మొన్న సాయంత్రం మా మనవరాలు బళ్ళారిలో మేముండే ఇంటి మెట్ల మీదే కూలబడి, రేపటి నుంచి బడి ఆటో ఎక్కనని ఏడ్చింది. ఆటో ఒకవైపు ఒరుగుతోందని, కాస్త ఒళ్ళున్న పిల్ల కదా, డ్రైవరు దీన్నొక్కదాన్నే రెండోవైపు కూచోబెట్టి, "నువ్వు ఈ పక్కకు రా పాపా, బ్యాలెన్స్ అయితాది" అన్నాడట. ఇక పిల్లలందరి నోటా దీని పేరే బ్యాలెన్స్ అయి కూచుంది. "బ్యాలెన్స్ అంటే మన మాటలో ఏందవ్వా?" అని అడిగితే సమతూకం అన్నాను, సరితూగడం అన్నాను, ఎదురు బరువు అన్నాను. ఒక్క మాట మాత్రం గొంతు దాటలేదు, ఎందుకంటే అది నా పేరు.

త్రాసు తట్టలు సమంగా లేకపోతే తేలిక తట్టకు చిన్న రాయి కడతారే, అదే పాసంగమని మా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు. మా ఊరు దేశనూరు నుంచి సిరుగుప్ప మిల్లుకు వడ్లబస్తాలు తోలేటప్పుడు, బండి ముందుకు మొగ్గితే బరువంతా ఎద్దుల మెడ మీద పడుతుందని, ఇంట్లో లావుపాటి పిల్లనైన నన్ను నాయన వెనక కూచోబెట్టేవాడు. మా మేనమామ ఊరుకుంటాడా, "యాడుందప్పా మా పాసంగం? అది ఎక్కకుంటే బండి కదల్దు!" అని వీధంతా వినబడేలా కేకేసేవాడు. కాలువ వంతెన దగ్గర నా ఈడు ఆడపిల్లలు బిందెలు దించి మరీ నవ్వుతుంటే, మోకాళ్ళ మధ్య తల దాచుకునేదాన్ని.

చివరికి అదంతా చెప్పేశాను. మనవరాలు ముక్కు తుడుచుకుని, "దిగి నడిచి పోకుంటివా అవ్వా?" అంది.

"ఎద్దుకు మెడంతా పుండు, ఎట్ల దిగేదే?"

"నువ్వు ఎనకుండావని ఎద్దుకు తెల్సా?"



మర్నాడు మనవరాలు తనంతట తానే వెళ్ళి ఆటోలో ఆ రెండోవైపే కూచుంది. రోజూ గేటు దాకా వెళ్ళే నేను మాత్రం, ఆ పిల్లల నవ్వులు వినలేక తలుపు చాటునే నిలబడిపోయాను. ఇప్పుడు వడ్లన్నీ ట్రాక్టర్లలో పోతున్నాయి, వెనక మనిషి అక్కర్లేదు. పేరు కూడా ఇంగ్లీషులోకి మారింది, సిగ్గొక్కటే మారలేదు.

మీ సంసారం ఏ పక్కకూ మొగ్గకుండా, మీ ఇంట ఎవరి మెడా కాడికి ఒరుసుకోకుండా, చల్లగా సాగాలి తల్లీ.