మావయ్య మొదలుపెట్టిన మరమ్మతు

మా మావయ్యకు మరమ్మతు మొదలుపెట్టడం వచ్చు. ముగించడం రాదు.

వాళ్ల నాన్నగారు కట్టించిపోయిన కొట్ల వరస ఒకటుంది. ఆ అద్దెలతోనే ఆయన జీవితం హాయిగా గడిచిపోయింది. ఉద్యోగమన్నది ఎరగడు. అయినా తెల్లారేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంచిలో సుత్తి పడేసుకుని డ్యూటీకి బయల్దేరతాడు. గడియారాల కొట్టు తలుపు ఊడదీసి "దీని సంగతి రేపు చూద్దాం" అన్నాడు. ఆ రేపు చాన్నాళ్లు రాలేదు. చెప్పుల కొట్లో కుళాయి బాగుచేశాక అక్కడ బేరాలన్నీ గొడుగు కిందే జరిగాయి.

"మేస్త్రీని పిలవచ్చుగా" అంటుంది అత్తయ్య.

"ఊరికే కూర్చుని తింటున్నానని నలుగురూ అనుకోరూ?"

"ఇప్పుడు అంతకంటే ఎక్కువే అనుకుంటున్నారు."

చివరి కొట్టు టైలరమ్మది. ఆమధ్య జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. పని లేదు, అద్దె కట్టే దారి లేదు. మిషను అమ్మేసి, కొట్టు ఖాళీ చేసి అన్నగారింటికి పోతానని కబురు పెట్టింది. అలా పోతే మళ్లీ నిలదొక్కుకోవడం కల్ల.

కబురు వినగానే మావయ్య వెళ్లి ఆవిడ కొట్టు గోడకు పిల్లి దూరేంత కన్నం పెట్టాడు. వెంట వెళ్లిన నాకు ఒళ్లు మండిపోయింది.

"అసలే ఆవిడ కష్టంలో ఉంటే ఇదేంటి మావయ్యా?"

"గోడలో చెమ్మ ఉందిరా."

"నాకేం కనబళ్లేదు."

"నీకు కనబడదులే. చూడమ్మా, రిపేరు జరుగుతుండగా నేను అద్దె తీసుకోను. అది నా పద్ధతి. పూర్తయ్యేదాకా నువ్వు కదలడానికి వీల్లేదు."

"ఎప్పటికవుతుంది బాబాయిగారూ?" అందావిడ.

"నా సంగతి తెలిసీ అడుగుతావేంటమ్మా?"

అప్పటికి వెలిగింది నాకు. గడియారాలాయన తలుపు ఊడింది వాళ్లావిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు. చెప్పులాయన కుళాయి పాడైంది బేరాల్లేక కొట్టు మూసేయబోయినప్పుడు. మా మావయ్య ఎంత గడుసువాడో ఆ రోజే తెలిసింది.

ఆవిడ ఎముక అతుక్కునేదాకా ఆయన మకాం అక్కడే. కన్నాన్ని ఇంకాస్త పెద్దది చేస్తూ, మధ్యమధ్య ఆవిడ చెప్పినట్టు గుండీలు కుడుతూ గడిపాడు. ఆ రోజుల్లో మా వీధిలో సగం చొక్కాలకు గుండీ ఒకచోట, కాజా ఒకచోట.

చెయ్యి బాగయ్యాక ఆవిడే సిమెంటు కలిపి కన్నం పూడ్చేసింది. ఆ నెల అద్దెతోపాటు, తానే కుట్టిన కొత్త చొక్కా ఒకటి మావయ్య చేతిలో పెట్టింది.

"ఇదెందుకమ్మా?"

"గుండీలు కుట్టారుగా బాబాయిగారూ, మీ కూలి."

మావయ్య అక్కడికక్కడే అది తొడుక్కుని ఇంటికొచ్చి అత్తయ్య ముందు నిలబడ్డాడు.

"చూశావా? నా కష్టార్జితం."

అత్తయ్య కాలరు సర్ది, కుర్చీ జరిపి, చేతికి మంచినీళ్లిచ్చింది.

"పనిచేసి వచ్చారు. కాసేపు కూర్చోండి."