పెద్దమ్మా, నేనూ, కట్టెల వ్యాపారం

అమీర్‌పేటలో ఆ రోజుల్లో ఎవరిని కదిపినా ఏదో ఒక కోర్సు చేస్తూ ఉండేవారు. చేసేసినవాళ్లు ఉద్యోగం కోసం తిరిగేవారు, తిరిగి తిరిగి అలిసిపోయినవాళ్లు ఇంకో కోర్సులో చేరేవారు. నేను బాపట్ల నుంచి వచ్చి, అక్కడి గోడల మీద అంటించిన కోర్సుల్లో చాలావాటిని రుచి చూసి, బేగంపేట ఆఫీసుల్లో ఇంటర్వ్యూలకు వెళ్లి, "మేమే ఫోన్ చేస్తాం" అన్న మాట పట్టుకుని తిరిగొచ్చేదాన్ని. (ఎవరూ చెయ్యలేదు. ఆ ఆశతోనే కాబోలు, నేను ఇప్పటికీ నంబరు మార్చలేదు.) బల్కంపేటలో ఒక పాత ఇంటి మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. ఇంటావిణ్ణి మొదటిరోజు "ఆంటీ" అని పిలిస్తే, "ఆంటీ గీంటీ నాకు మంచిగ అనిపియ్యది బిడ్డా, పెద్దమ్మ అను" అంది. భర్త పోయారు, పిల్లలు లేరు. ఒకప్పుడు పొలాలున్న కుటుంబమట. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక ఆవిడకు మిగిలినవి ఆ ఇల్లు, ముందు కాస్త వాకిలి, వాకిట్లో ఒక వేపచెట్టు.

ఎండాకాలం చివర్లో ఒక గాలివానకు ఆ వేపచెట్టు కూకటివేళ్లతో పడిపోయింది. కోతమిషన్లతో ఇద్దరు వచ్చి చెట్టును ముక్కలు చేసి, వాటిని ఎత్తుకుపోవడానికి విడిగా డబ్బులు అడిగారు. పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టింది. "నా చెట్టు నువ్వు తీస్కపోయెతందుకు నేనే నీకు పైసలియ్యాల్నా?" అని ఆవిడ లేవదీసిన గొంతుకు వాళ్లు దుంగలన్నీ అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. అంత కలపను చూస్తూ ఇద్దరం కూర్చున్నాం. ఏదో ఒకటి అనాలి కదా అని నేను, "అమ్మేద్దాం పెద్దమ్మా" అన్నాను. ఆవిడ దుంగ మీద చెయ్యి వేసి నిమిరింది. ఎల్లమ్మ తల్లికి ఇష్టమైన చెట్టని మంగళవారం మంగళవారం దానికి పసుపు రాసేది. చివరికి కళ్లు తుడుచుకుని, "అన్నం వండెతందుకైతె ఇయ్యి. ఇటికెల బట్టికి మాత్రం ఇయ్యకు" అంది. మా వ్యాపారానికి ఉన్న ఒకే ఒక్క షరతు అది.

మా మొదటి కొనుగోలుదారు గరిటె అన్న. పెళ్లిళ్లకు వంట చేస్తాడు, చేతిలో గరిటె లేకుండా నేనెప్పుడూ చూడలేదు, అందుకే ఆ పేరు. పంజాగుట్టలో ఒక నిశ్చితార్థానికి కట్టెలు కావాలంటే, నేను మహా వ్యాపారవేత్తలా ట్రాలీ ఆటో మాట్లాడి పంపించాను. పచ్చికట్టె మండదన్న సంగతి నా కోర్సుల్లో ఎక్కడా రాలేదు. హాలు వెనక పొయ్యి వెలిగించగానే పొగ లేచి, గాలి తిరిగి, నేరుగా హాల్లోకి వెళ్లింది. ఆడపెళ్లివారు ఏడ్చారు, మగపెళ్లివారు ఏడ్చారు, లగ్నపత్రిక చదువుతున్న పంతులుగారు చదవలేక ఏడ్చారు. "నిశ్చితార్థానికే ఇంత ఏడుపైతే అప్పగింతలనాడు ఏమైపోతారో!" అని ఒక ముసలావిడ తెగ బాధపడిందట.

మర్నాడు పొద్దున్నే గరిటె అన్న వాకిట్లో నిలబడ్డాడు.

"ఏం కట్టెలమ్మా అవి! పొగ దప్ప మంట లేకపాయె. నా ఇజ్జత్ అంత పోయింది."

నేను తలుపు చాటున నక్కాను. పెద్దమ్మ మాత్రం చెక్కు చెదరలేదు. "మొన్న పడ్డ చెట్టు నిన్న మండుమంటె ఎట్ల మండుతది? వంటోనివి, నీకు సుత తెలువాలె గద!"

అన్న గరిటెతో తల గోక్కున్నాడు. "గదంత ఇడిసిపెట్టు అక్కా. పిల్లగాని తల్లి పప్పు తిని, మా అమ్మ చేతి వంట లెక్కనే ఉన్నదని మళ్లా మళ్లా ఏసుకున్నది. పెండ్లికి సుత గదే పొగ వాసన కావాల్నట." గరిటె దించి, దీనంగా అన్నాడు, "గని పొగ వద్దట."

పొగ లేకుండా పొగ వాసన! ఆ ఒక్క మాటలో మా వ్యాపారమంతా ఉంది. అప్పటికే అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా హోటళ్ల ముందు 'కట్టెల పొయ్యి బిర్యానీ' బోర్డులు వెలుస్తున్నాయి. గ్యాసు మీద పెరిగిన జనానికి కట్టెల మీద మనసు మళ్లింది. మేము దుంగలు చీల్పించి డాబా మీద ఎండబెట్టడం మొదలుపెట్టాం. వడియాలు ఎండబెట్టే చోటు పోయిందని పెద్దమ్మ సణుగుతూనే, వడియాల్లాగే వాటినీ పూటపూటకూ తిరగేసేది. ఎక్కడ గాలికి చెట్టు పడినా కాలనీవాళ్లు మాకు కబురు చేసేవారు. హోటళ్లు, కేటరింగ్‌వాళ్లు ఒకరిని చూసి ఒకరు వచ్చారు. ఇంట్లో అడగకుండా గది అద్దె కట్టుకున్నాను, పెద్దమ్మకు కూలర్ వచ్చింది, నాకు స్కూటీ వచ్చింది. బుద్ధి మాత్రం వంకరైంది. ఎర్రమంజిల్ వైపు వెళ్తే పచ్చగా నిలబడ్డ చెట్లను చూసి, ఇది ఎంత కట్టె అవుతుందా అని ఆగిపోయేదాన్ని. వెనక కూర్చున్న పెద్దమ్మ నా వీపు మీద చరిచేది. "గట్ల సూడకే! భయపడ్తయి అవి."

మరుసటేడు ఆషాఢంలో బోనాలొచ్చాయి. ఊరంతా బంధువులు, వీధివీధినా వంటలు, మాకు ఎన్నడూ రానన్ని ఆర్డర్లు. సరిగ్గా ముందురోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. డాబా మీది టార్పాలిన్ గాలికి లేచిపోయింది. "ఇంట్లెకు తే బిడ్డా!" అని పెద్దమ్మ కేక పెట్టింది. హాలు నిండింది, వంటిల్లు నిండింది. ఇక చోటు లేక ఆవిడ పెళ్లినాటి పందిరిమంచం మీద పేర్చి, జల్లు పడకుండా దోమతెర దించుతున్నాను. అప్పుడే గుమ్మంలోంచి "ఏంటమ్మా ఇది?" అని వినిపించింది.

నాన్న! ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, చేతిలో గొడుగుతో. ఉద్యోగం వచ్చేలా లేదని నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చారు.

"కట్టెలకు దోమతెర ఏంటమ్మా?" అన్నారు. ఈ వ్యాపారం సంగతి నేను ఇంట్లో చెప్పలేదు.

పెద్దమ్మే అంది. "అన్నా, మాటలు ఎన్కసిరి, వాన ఎల్సినంక మాట్లాడుకుందాం. జర గా మోపు అందుకో, తడుస్తున్నది."

కరెంటాఫీసులో ఫైలు తప్ప ఏదీ మొయ్యని మనిషి. గొడుగు పక్కన పెట్టి, మోపు ఎత్తుకున్నారు. తర్వాత ఇంకోటి. వాన తగ్గేసరికి ఆ చొక్కా రంగు చెప్పడం కష్టం. కుర్చీల మీద కూడా కట్టెలే ఉండటంతో మెట్ల మీద కూర్చుని ముగ్గురం చాయ్ తాగాం. ఇప్పుడు "సామాను సర్దుకో" అంటారని నేను గ్లాసులోకే చూస్తున్నాను. నాన్న పక్కనున్న కట్టె తీసి, వాసన చూసి, వేలితో తట్టి, రోడ్డు వైపు చూస్తూ అన్నారు, "బాబాయి సరుగుడు తోట కోతకొచ్చింది. సరుగుడైతే మంట నిలుస్తుంది. అడిగి చూడనా?"

నన్ను ఉండమని నాన్న చెప్పిన తీరు అది. పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది, ఆయనకు పొడి తువ్వాలు తేవడానికి. మర్నాడు మా కట్టెలన్నీ భేషుగ్గా మండాయి. పండగ భోజనం తిని నాన్న ఒక్కరే బండెక్కారు.

ఆ తర్వాత సరుగుడు లారీలు వచ్చాయి, సొంతంగా షెడ్డు వచ్చింది, కొన్నేళ్లకు నాకు పెళ్లి కూడా వచ్చింది. (పెళ్లికొడుకు పనిచేసేది నన్ను వద్దన్న ఆఫీసుల్లో ఒకదాంట్లోనే. అందులో కక్షేమీ లేదు.) పంజాగుట్టలో ఫంక్షన్ హాలు, వంట గరిటె అన్నది, కట్టెలు మావి. గౌరీపూజ చేస్తూ ఉండగా ఎక్కడో పొగ వాసన తగిలినట్టయింది. అంతే, పట్టుచీర ఎత్తిపట్టుకుని వెనక పొయ్యిల దగ్గరికి పరుగెత్తాను. వంగి కట్టెలు సర్దుతుంటే పెద్దమ్మ వచ్చి రెక్క పట్టుకుంది. "పెండ్లి నీదే పిచ్చిదానా, పొయ్యిది గాదు! నడువు."

పెద్దమ్మ పోయి నాలుగేళ్లు దాటింది. పెళ్లి ఆల్బమ్‌లో నా చెంప మీద నల్లగా ఒక మచ్చ ఉంటుంది. చూసినవాళ్లు బుగ్గచుక్క ఎంత ముద్దుగా పెట్టారో అంటారు. అది మసి. ఫొటోలు తీసినతను చెరిపేస్తానంటే నేనే వద్దన్నాను. తలంబ్రాల పళ్లెం ముందు పెట్టుకుని, చూపంతా పొయ్యిల వైపే ఉన్న ఆ పిల్లను చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. దాని వెనక, రెక్క ఇంకా వదలకుండా, పెద్దమ్మ నిలబడి ఉంది.