ఎల్లారెడ్డి కాంటాకు చీటీలు ఆగిన రోజు

మూడేళ్ళ కిందట, వానకాలం వడ్లు కల్లాల మీదికి వచ్చిన రోజుల్లో జరిగిందిది. నేను కామారెడ్డిలో ఒక రైతుల సంఘం ఆఫీసులో సర్వర్ చూసుకుంటాను. అటెండరుగా చేరాను. ముప్పై దాటాక వయోజన విద్యా కేంద్రంలో అక్షరాలు దిద్దాను. ఇంగ్లీషు అక్షరాలు కీబోర్డు మీదే నేర్చుకున్నాను. వచ్చిన ఇంజనీర్లు ఎవరూ నిలవకపోయేసరికి ఈ పని నామీద పడింది.

సర్వర్ అంటే వింతేమీ కాదు, ఆరకుండా నడిచే కంప్యూటరు. అందులో వెబ్ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. బయటినుంచి ఎవరు ఏది అడిగినా అందించేది అదే. మా కొనుగోలు కేంద్రాల్లో ప్రతి కాంటాకూ ఒక చిన్న పెట్టె తగిలించి ఉంటుంది. బస్తా తూగగానే ఆ పెట్టె తూకాన్ని మాకు పంపుతుంది, అక్కడ చీటీ అచ్చవుతుంది. చీటీ ఉంటేనే మిల్లు లారీ బస్తాలు ఎక్కించుకుంటుంది.

మేం వాడేది స్టేబుల్ ఆపరేటింగ్ సిస్టమ్. స్టేబుల్ అంటే కుదురైనది. లోపం ఏదైనా బయటపడితే, తయారుచేసేవాళ్ళు కొత్త వెర్షన్ పంపరు. ఉన్నదానికే అతుకు వేసి పంపుతారు. దీన్ని బ్యాక్‌పోర్ట్ అంటారు. అందుకే ఏళ్ళ తరబడి నేను అప్‌గ్రేడ్ నొక్కడం, ఏమీ కాకపోవడం. ఆ అలవాటే నన్ను ముంచింది.

ఆ వారం వెబ్ సర్వర్‌లో, బయటివాళ్ళు లోపలికి చొరబడగల పెద్ద లోపం బయటపడింది. పాతదానికి అతుకు కుదరలేదు. విధిలేక వాళ్ళు కొత్త వెర్షనే పంపారు, దాంతో పాటు పొడుగాటి నోటు కూడా. నేను చదవలేదు. ఎప్పటిదే కదా అని పొద్దున పదింటికి నొక్కేశాను. నా ఫోనులో సైటు తెరిచి చూశాను, బాగానే వచ్చింది.

పావుగంటకు ఎల్లారెడ్డి నుంచి రాజవ్వ ఫోను. అక్కడి కేంద్రం నడిపేది ఆమే. బీడీలు చుట్టిన మనిషి, మహిళా సంఘం నుంచి వచ్చి కాంటా పట్టింది.

"మల్లన్నా, ఏం జేసినవ్? చీటీలు వస్తలేవు."

"ఈడ మంచిగనే ఉన్నది రాజవ్వా. నా ఫోన్ల సైటు వస్తున్నది."

"నీ ఫోన్ల వస్తే నాకేంది? బస్తాలు తెచ్చి నీ ఫోన్ మీద పెట్టాల్నా? ఈడ మబ్బు వట్టింది. సాయిలు కుప్ప గట్లనే ఉన్నది."

సాయిలు కౌలు రైతు. ఐదు రోజులు ఎండబోస్తే ముందురోజే అతని వడ్లలో తేమ తగ్గింది. కప్పడానికి చిరిగిన టార్పాలిన్ ఒక్కటే ఉంది. తడిస్తే గింజ మొలకెత్తుతుంది, మిల్లు వెనక్కి పంపుతుంది. ఆ కుప్పే అతని ఏడాది బతుకు.

అప్పుడు కూర్చుని నోటు చదివాను. సగం దాటాక ఉంది: సమాచారానికి తాళం వేసి పంపే పాత పద్ధతిని ఈ వెర్షన్ ఒప్పుకోదు. నా ఫోనుది కొత్త తాళం. కాంటా పెట్టెలది పాతది. తయారుచేసినవాళ్ళు ముందే చెప్పారు. నేనే వినలేదు.

తిరిగి ఫోను చేశాను. "తప్పు నాదే. చదువకుంట నొక్కిన."

"తిట్లు తర్వాత తిడ్త. పాతదే మళ్ళ పెట్టరాదు?"

పెట్టొచ్చు, పది నిమిషాల పని. కానీ పెడితే ఆ లోపం మళ్ళీ తెరుచుకుంటుంది. రైతుల ఆధార్ నంబర్లూ పాసుబుక్కుల వివరాలూ ఆ సర్వర్లోనే ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. పక్కనుంచి సాయిలు గొంతు వినిపించింది.

"అండ్ల నా ఒక్కనియే ఉన్నయా అన్నా, అందరియా?"

"అందరియి. మద్నూర్ కాడికెల్లి మాచారెడ్డి దాక."

"అయితే వద్దు. నా కుప్ప కోసం అందరి కాయితాలు బజార్ల పెడ్తవా? వేరేది చెయ్. ఎంతసేపు పడ్తది?"

"రెండు గంటలు."

"వానకు జెప్తవా గా ముచ్చట?" అన్నాడు.

రాజవ్వే అందుకుంది. "కాంట మీద అంకెలు కనవడుతున్నయి గద. నేను పుస్తకంల రాస్త. హమాలీలు ఇద్దరు సంతకం వెడ్తరు. ఎక్కియ్యిండ్రి."

లారీ డ్రైవరు అడ్డం తిరిగాడు. "చీటీ లేకుంట నేను తీస్కపోనక్కా. మిల్లోల్లు నన్నడుగుతరు."

"నన్నడుగుమను. నా సంతకం తీస్కపో. ఒక్క బస్తా తేడా వచ్చినా ఈ కాంట ఇడిసిపెట్టి పోత."

నా తప్పుకు తన కొలువు అడ్డం పెట్టింది. ఫోను పెట్టేసి పనిలో దిగాను.

కొత్త వెర్షన్‌ను అలాగే ఉంచి, పక్కన ఇంకో పోర్టు తెరిచాను. పోర్టు అంటే లోపలికి వచ్చే తలుపు. ఆ ఒక్క తలుపు దగ్గరే పాత తాళాన్ని ఒప్పుకోమన్నాను. కాంటా పెట్టెల నుంచి వచ్చేదాన్ని అటు మళ్ళించి, ఇంకెవరూ అటు రాకుండా కట్టడి చేశాను. మొదటిసారి పెట్టె పలకలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఒకచోట పాత తాళాన్ని వద్దంటోంది. అదీ నోటులోనే ఉంది. సరిచేసి, "ఒక బస్తా పెట్టి చూడు" అన్నాను.

"వచ్చింది, వచ్చింది!" అని రాజవ్వ అరిచింది. అప్పటికి ఆమె సంతకం మీద సాయిలు బస్తాలు పదకొండు తప్ప అన్నీ లారీ ఎక్కాయి. ఆ పదకొండూ చీటీలతోనే ఎక్కాయి. లారీ మీద టార్పాలిన్ కట్టి ముడివేస్తుండగా వాన దిగింది.

మర్నాడు బస్సెక్కి ఎల్లారెడ్డి పోయాను. రాజవ్వ పుస్తకం ముందు పెట్టుకుని తూకాలన్నీ నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. మిల్లు లెక్కతో సరిపోయాయి. సంఘం వాళ్ళు నన్ను తిట్టారు, తిట్టాల్సిందే. రాజవ్వను సంజాయిషీ అడిగితే ఆమె వాన సంగతి చెప్పింది గానీ నా పేరు ఎత్తలేదు. తర్వాతి పంటకు పాత పెట్టెలు మార్పించి, ఆ రెండో తలుపు మూసేశాను.

ఆ నోటు రాసినవాళ్ళు ఎవరో నాకు తెలియదు. ముక్కూముఖం తెలియని నాలాంటివాడి కోసం విడమరచి రాశారు, వాళ్ళకు దండం. పాతదే పెట్టమని సాయిలు అంటే ఆరోజు నేను పెట్టేసేవాణ్ణేమో. అతను అనలేదు. సర్వర్ నడుస్తోందని నా తెర చెబితే చాలదని నాకు అర్థమైంది. చివరన కాంటా పట్టుకున్న మనిషి చెప్పాలి. ఇప్పుడు ఏ అప్‌గ్రేడ్ అయినా ముందు పక్క కంప్యూటర్లో వేసి చూస్తాను. అసలుదాంట్లో రైతులు రాకముందే పొద్దున్నే వేసి, ఎల్లారెడ్డికి ఫోను చేస్తాను. రాజవ్వ ఒక బస్తా పెట్టి చూస్తుంది.

"చీటీ వచ్చిందన్నా. నోటు చదివినవా ఈసారి?"

"చదివిన."

"మొత్తమా?"

"మొత్తం."

"అయితే రైతులను రమ్మంట."