తమ్మునికి కొట్టని డప్పు

ఏదో దూరదేశంలో నల్లజాతి పాటగాళ్ళకు, వాద్యగాళ్ళకు, ఆడి నవ్వించినవాళ్ళకు నగరం నడుమ స్మారకం కట్టిన్రని ఈమధ్య చదివిన. ఒకప్పుడు వాళ్ళను వేదిక మీదికి ముందు నుంచి, హోటలు లోపలికి వెనక నుంచి పంపేవారట. నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. మా దగ్గర వెనక గుమ్మం కూడా లేకుండె. పెండ్లికి, జాతరకు, పీనుగకు అందరికన్నా ముందు నడిచేది డప్పు. ఇంటి గడప రాంగనే ఆగిపోయేదీ డప్పే.

స్మారకం మాత్రం మాకూ ఉండె. ఒక వానాకాలం నిలిచింది.

దొరల మీద ఊర్లు తిరగబడ్డ సంఘం రోజులవి. జనగామకు, మానుకోటకు నడుమ మా ఊరు. హన్మకొండలో కాలేజీ చదివి వచ్చిన నాకు తుపాకి పట్టే ధైర్యం లేదని సంఘం నాకంటే ముందే గమనించి, పాటల దళానికి మాటలు రాసే పని ఇచ్చింది. దళంలో ఒకడు డప్పు, ఒకడు గజ్జె కట్టి ఆట, ఒకామె పాట. నర్సింహులపేట దిక్కు ఆట ముగించి వస్తుంటే దొర మనుషులు ముగ్గురినీ కాల్చి చంపిన్రు. శవాలు కూడా దొరకనియ్యలేదు.

దొర పట్నం పారిపోయినంక ఊరంతా కలిసి ఊరి నడుమ బొడ్రాయి పక్కన వాళ్ళకు స్తూపం కట్టినం. కొసకు రాతి డప్పు ఉండాలన్నది అందరి మాట. రాళ్ళు కొట్టే ఆయన శ్రద్ధగానే చెక్కిండు. పొరుగూరోళ్ళు వచ్చి, "ఇసుర్రాయి ఎందుకు వెట్టిన్రు?" అని అడిగేటోళ్ళు. కింద చెక్కడానికి నేను రాసిచ్చిన వాక్యం రాయికన్నా పొడుగైంది. ఆయన సగం కాడ ఉలి ఆపి, "ఇగ సాలు పంతులూ, తెలిసిపోతది" అన్నడు. తెలిసిపోయింది కూడా.

తర్వాత సంఘాన్ని అణచడానికి మిలిటరీ వచ్చింది, ఊరి పక్కన క్యాంపు పడ్డది. క్యాంపు పెద్దకు తెలుగు రాదు గాని స్తూపం అర్థమైంది. నడిపొద్దు పగటీలికి కూలగొట్టాలె, ఆ సమయంలో ఎవరూ ఇల్లు దాటొద్దు, ఈ సంగతి పొద్దున్నే ఊళ్ళో చాటించాలె అన్నడు. చాటేది ఊరి డప్పుకాడు. ఆయన, చనిపోయిన డప్పు మనిషికి సొంత అన్న. సంఘం నేర్పిన వరుసల ప్రకారం నాకూ అన్ననే.

నేను పోయేసరికి వాకిట్ల గడ్డిమంట వేసి డప్పు కాపుతున్నడు.

"పోతవా అన్నా?"

"పోకపోతే నన్ను గూలగొడతరు. నాకు స్తూపం ఎవలు గడతరు? నువ్వు రాస్తివా, రాయి సాలది, గుట్ట గావాలె."

నేను నవ్విన. ఆయన నవ్వలేదు. డప్పు తిప్పి మళ్ళా సెగకు పట్టిండు.

"ఈ ఊళ్ళె ఎవలు సచ్చినా నేనే గొట్టిన. మీ తాతకు గొట్టిన. దొర తల్లికి గొట్టిన. మా తమ్మునికే గొట్టలే. పీనుగ లేనిదే ఎట్ల గొడతరు? గిప్పుడు గా రాయి గూడ వోతె, ఇగ దేని ముంగట గొట్టాలె?"

ఆయన డప్పు ఎత్తుకొని లేచిండు, నేను వెంట నడిచిన.

చాటింపు దెబ్బ వేరు: గబగబ కొట్టి, టక్కున ఆపి, కేక వెయ్యాలె. పెండ్లిది వేరు, పోచమ్మది వేరు. ఆయన మొదటి మలుపు కాడ నిలబడి కొట్టింది సావుదెబ్బ. నిదానంగా, ఒక్కొక్కటి నేలలోకి దిగినట్టు. అది వినబడితే ఇంటికొకరు బయటికి రావాలె, పగోని ఇంట్ల సావైనా సరే.

జొన్నపిండి చేతులతోనే ఒక అవ్వ గడప దాటింది. "ఎవలు వోయిన్రు కొడుకా?"

ఆయన గొంతెత్తి, "ఇనుండ్రి! పగటీలికి స్తూపం గూలగొడతరు. ఎవ్వలు ఇల్లు దాటొద్దని క్యాంపు హుకుం!" అన్నడు. ఒక్క మాట పొల్లుపోలేదు. వెంట వచ్చిన, క్యాంపు పెద్దకు మన మాట తిప్పి చెప్పే పట్నం దుబాసి బాగుందన్నట్టు తలూపిండు. మాటలకు దుబాసి ఉంటడు గాని, దెబ్బకు ఎవరుంటరు?

అవ్వ డప్పు దిక్కు చూసింది, బొడ్రాయి దిక్కు చూసింది. "అయ్యో, గా పిలగాడా!" అని చేతులు కొంగుకు తుడుచుకొని ఆయన వెనక నడిచింది.

ఇల్లు దాటొద్దన్న హుకుం వినడానికి ఊరంతా ఇల్లు దాటింది. మలుపు మలుపుకు మంది పెరిగిన్రు. ముందు డప్పు, వెనక జనం, నడుమ పాడె ఒక్కటే తక్కువ. స్తూపం కాడికి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

"చాటింపు సరిగా వేయలేదా?" అని క్యాంపు పెద్ద దుబాసిని అడిగిండు.

"వేసిండు హుజూర్. నేనే విన్న."

"మరి వీళ్ళెందుకొచ్చిన్రు?"

దుబాసి అవ్వను అడిగి వచ్చిండు. "సావుకు వచ్చిన్రట హుజూర్."

"ఎవరి సావు?"

అవ్వ స్తూపం దిక్కు చెయ్యి చూపింది.

క్యాంపు పెద్ద ఊళ్ళో కూడా సావులుంటయి కావచ్చు; మా మీదికి తుపాకి ఎత్తుమనలేదు. పని మాత్రం ఆపలేదు. గడ్డపారలు పడుతుంటే డప్పు మోగుతనే ఉన్నది. కొసన ఉన్న రాతి డప్పు దొర్లి కింద పడ్డప్పుడు ఆగింది.

పాడెను దారిలో దించి, పోయినవాళ్ళను చెవిలో మూడుసార్లు పిలిచే ఆనవాయితీ మాకుంది. ఊపిరి మిగిలి ఉంటే పలుకుతరని. అన్న డప్పు పక్కన వెట్టి, ఆ గుండ్రాయి కాడ వంగి పిలిచిండు. రాయి పలకలేదు. అప్పుడు పిడికెడు మన్ను తీసి దాని మీద వేసిండు. ఆయన వెనక అవ్వ, అవ్వ వెనక మేమందరం. నా సగం వాక్యం ఆ మన్ను కిందనే ఉంది. మిగిలిన సగం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

పొద్దుగూకేసరికి స్తూపం ఉన్న చోట అంతకన్నా వెడల్పైన దిబ్బ లేచింది. క్యాంపు పెద్ద దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసిండు. మన్నును కూలగొట్టే హుకుం ఆయన దగ్గర లేకుండె.

అన్న డప్పు భుజానికి తగిలించుకొని, "ఇగ నడువుండ్రి" అన్నడు. సావుకు పోయి వచ్చినవాళ్ళ లెక్కనే అందరం వాగుకు పోయి తానాలు చేసి, తడిబట్టలతోనే ఇండ్లకు పోయినం.